యూట్యూబ్ నుంచి రేస్ ట్రాక్ మీదికి: ఎక్కడ మొదలువెట్టాలె?

మిర్యాలగూడ_గేర్:

మా తమ్మునికి 21 ఏండ్లు. తెలుగుల కార్ల వీడియోలు, సిమ్ రేసింగ్ (నిజం కారు నడిపినట్టే ఉండే కంప్యూటర్ రేసు గేమ్) లైవ్‌లు పెడ్తడు. యాడ్ పైసలు నెలనెల వస్తున్నయి. ఇప్పుడు నిజం రేసుల దిగుత అంటుండు. షెడ్డుల కూసొని గేమ్ వీడియోలు చేసిన జిమ్మీ బ్రాడ్‌బెంట్ 2022ల బ్రిటన్‌ల ప్రాగా కప్ అనే నిజం కార్ రేసుల టైటిల్ గెల్వలేదా, యూట్యూబర్ క్లీటస్ మెక్‌ఫార్లాండ్ 2025ల అమెరికాల డేటోనా ట్రాక్ మీద ఆర్కా అనే కార్ రేసు నడపలేదా అని వాదన. ముందు మంచి సిమ్ రిగ్గు (గేమ్‌కు స్టీరింగ్, పెడళ్ళు, సీటు బిగించిన ఫ్రేమ్) కొనాల్నా, కార్టింగ్‌కు (చిన్న ఓపెన్ బండ్ల రేసింగ్) పోవాల్నా? లైసెన్సు ఎట్ల? ఇంట్ల ఉన్న స్విఫ్ట్‌తోని ట్రాక్ డే (సొంత కారు రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) చేస్తే పనికొస్తదా? తెలిసినోళ్ళు వివరంగ చెప్పుండ్రి.

పాలమూరు_పిట్‌లేన్:

స్విఫ్ట్‌ను ముట్టుకోవద్దన్నా. మామూలు కారు పాలసీల రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మినహాయింపులల్ల ఉంటయి, గోడకు తాకితే రూపాయి రాదు. ఇంకోటి బ్రేకులు. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగున్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాంక మరగదు. తేమ వీల్చుకున్నంక ఆ హద్దు 155కు దిగుతది. ఏండ్ల తరబడి మార్చని ఆయిల్‌తోని నాలుగు ల్యాపులు గట్టిగ కొడితే లైన్ల ఆవిరి బుడగలు లేస్తయి, పెడల్ నేలకు పోతది. ఆ సంగతి తెలిసేది మూల ముంగటికొచ్చినంకనే.

ఇగ హైవే మీద ప్రాక్టీసు అనే ఆలోచన ఉంటే ఇక్కడ్నే వదిలిపెట్టుండ్రి. మోటార్ వాహనాల చట్టం 189 సెక్షన్ కింద రోడ్డు మీద పందెం మొదటిసారి దొరికితే మూడు నెలల దాంక జైలు, లేకుంటే 5,000 దాంక జరిమానా, రెండూ వెయ్యొచ్చు. చానల్ ఉన్నోడు సాక్ష్యం తనే తీసి అప్‌లోడ్ చేస్తడు, పోలీసులకు పని తక్కువ.

కార్టింగ్‌కే పోవాలె. కాని హైదరాబాద్ చుట్టుపక్కల అద్దె కార్టుల టైములు చూసి మురువొద్దు. వాటిల ఉండేది 200 నుంచి 270 సీసీ ఫోర్‌స్ట్రోక్ ఇంజను, 9 హార్స్‌పవర్ అటిటు. పోటీల వాడే రోటాక్స్ సీనియర్ మ్యాక్స్ 125 సీసీ టూస్ట్రోక్, దగ్గర దగ్గర 30 హార్స్‌పవర్. కార్టుకు డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగంతోని తిరగనిచ్చే గేరు) ఉండది, వెనక ఇరుసు ఒక్కటే. లోపలి వెనక టైరు కొద్దిగ లేస్తెనే బండి తిరుగుతది. స్టీరింగ్ మెల్లగ నానబెట్టుకుంట తిప్పితే టైరు లేవదు, రెండు టైర్లు ఒకదాన్నొకటి గుంజుతయి, మూల నుంచి బయటికొచ్చేటప్పుడు ఇంజను గొంతు పట్టినట్టు అయితది. కొత్తోళ్ళు ఇంజను బాగలేదని లొల్లి పెట్టేది ఎక్కువ దీనికే. సీటు వదులుంటే పక్కటెముకలు దెబ్బతింటయి. సరైన సైజు సీటు, రిబ్ ప్రొటెక్టర్ రెండూ కావాలె, ఒకటి ఉంటే ఇంకోటి అక్కర్లేదనుకోవద్దు.

రేసింగ్ లైసెన్సు ఇచ్చేది ఎఫ్‌ఎంఎస్‌సీఐ, దేశంల మోటార్ స్పోర్ట్స్ చూసే సంఘం. ఆర్టీఏ లైసెన్సుకు దీనికి సంబంధం లేదు. డాక్టరు సంతకం, ముద్ర ఉన్న మెడికల్ ఫారం, బ్లడ్ గ్రూపు, ఫోటో, కొత్తోళ్ళకైతే గుర్తింపు ఉన్న రేసింగ్ స్కూల్ ట్రైనింగ్ సర్టిఫికెట్ అడుగుతరు. ముందు స్కూల్ బుక్ చేసుకోని మిగతా కాయితాలు దానెంబడి జమచేయాలె. పెద్ద ట్రాకులు మనకు దూరమే: చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టైల 3.7 కిలోమీటర్లది, కోయంబత్తూరుల 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే. మిర్యాలగూడ నుంచి చెన్నై నయం, అద్దంకి రోడ్డు పట్టి ఒంగోలు హైవే ఎక్కితే సరి. కోయంబత్తూరు మా పాలమూరోళ్ళకు బెంగళూరు మీదికెళ్ళి కలిసొస్తది.

మొదటి కారుగ ఎల్‌జీబీ ఫార్ములా 4 అడుగుండ్రి. సింగిల్ సీటర్, మారుతి 1.3 లీటర్ ఇంజను, ఏబీఎస్ లేదు. అందరి కిందా ఒకే తీరు బండి కాబట్టి తేడా ఎవరి కాడ ఉన్నదో దాచుకోను జాగ ఉండది. టీమ్‌తోని మాట్లాడేటప్పుడు ఎంట్రీ ఫీజుల ఎన్ని టైర్లు, ఎన్ని ప్రాక్టీసు సెషన్లు వస్తయో రాయించుకోవాలె. క్రాష్ డ్యామేజ్ వేరే బిల్లు. ముక్కు, ముందు విష్‌బోన్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కడ్డీ), రిమ్ము, ఈ మూడు మొదటి సీజన్ల పోతయనే లెక్కతోనే ఉండాలె. ఆ పైసలు పక్కకు పెట్టకుంట సీజన్ మొదలువెడితే సగంల ఇంటికొస్తరు.

నల్గొండ_డైరెక్ట్‌డ్రైవ్:

కార్టింగే ముందు అన్నదానితో పూర్తిగా ఒప్పుకోను. బ్రాడ్‌బెంట్‌ని నిలబెట్టింది సిమ్‌లో గడిపిన గంటలే. అయితే ఆ టైటిల్ ఇద్దరు డ్రైవర్లు పంచుకున్న కారుకు వచ్చింది, పక్కన గోర్డీ మచ్ లాంటి అనుభవమున్న రేసర్ ఉన్నాడు, ఇది మీ తమ్ముడికి చెప్పండి. క్లీటస్ అయితే 2020లోనే ఫ్లోరిడాలో ఒక ఓవల్ ట్రాకే కొనుక్కున్నాడు.

మన దగ్గర సిమ్ మీద డబ్బు తప్పు చోట పెడతారు. పెద్ద మోటారు ఉన్న స్టీరింగ్ కొంటారు, పెడళ్ళు మాత్రం చవకవి. తిరగెయ్యండి. స్టీరింగ్ మోటారు బలం 5 న్యూటన్ మీటర్లు చాలు, బ్రేక్ పెడల్ మాత్రం లోడ్‌సెల్‌ది ఉండాలి. మామూలు పెడల్ కాలు ఎంత దూరం వెళ్ళిందో కొలుస్తుంది, లోడ్‌సెల్ ఎంత బలంతో తొక్కారో కొలుస్తుంది. నిజం కారులో ప్యాడ్లు వేడెక్కేకొద్దీ పెడల్ లోతుకు వెళుతుంది, దూరాన్ని గుర్తుపెట్టుకున్న కాలు అక్కడ మోసపోతుంది. బలాన్ని గుర్తుపెట్టుకున్న కాలు సర్దుకుంటుంది. లోడ్‌సెల్‌ని పది కిలోలకే వంద శాతం వచ్చేలా కాలిబ్రేట్ చేసి వీడియోలో వేగం చూపించేవాళ్ళున్నారు, దానివల్ల కాలికి వచ్చేది ఏమీ లేదు. సర్వో (బ్రేక్ తొక్కే బలాన్ని పెంచే పరికరం) లేని రేస్ కారులో 60 కిలోల పైనే తొక్కాలి, కాబట్టి రిగ్గు ఫ్రేమ్ వంగకుండా అల్యూమినియం ప్రొఫైల్‌తో చేయించండి. ఆఫీసు కుర్చీ మీద ఇది కుదరదు, తొక్కితే కుర్చీయే వెనక్కి పోతుంది.

ఇంకో అలవాటు, ప్యాడిల్ షిఫ్టర్, అంటే స్టీరింగ్ వెనక మీటలతో గేర్ మార్చడం. గేర్ రాడ్, క్లచ్ ఉన్న కారులోకి వెళ్ళాక గేర్ తగ్గించేటప్పుడు (డౌన్‌షిఫ్ట్) యాక్సిలరేటర్ తట్టడం రాకపోతే వెనక చక్రాలు ఒక్కసారి బిగుసుకుని కారు తిరిగిపోతుంది. అందుకే మామూలు గేర్ షిఫ్టర్ కొనిపించి, బ్రేక్ మీద బలం మారకుండా మడమతో యాక్సిలరేటర్ తట్టడం సాధన చేయించండి. బ్రేక్ గ్రాఫ్ తెర మీద పెట్టుకుంటే తట్టిన ప్రతిసారీ గీత ఊగుతుందో లేదో కనిపిస్తుంది.

సిమ్ నేర్పలేనిది ముందు చక్రం లాక్ అవడం (బ్రేక్‌కు తిరగడం ఆగి జారడం) ఒంటికి ఎలా తెలుస్తుందన్నది. మూలలోకి తిప్పుతూ అదే బలంతో బ్రేక్ పట్టుకుంటే లోపలి ముందు టైరు మీద బరువు తగ్గి ముందు అదే లాక్ అవుతుంది. ఒక చోట అరిగి చదునవుతుంది, ఆ తరవాత ప్రతి ల్యాపులో స్టీరింగ్ వణుకుతుంది. టైర్ల కోటా లెక్కపెట్టి ఇస్తారు కాబట్టి ఒక్క లాకప్పు శనివారం జరిగితే ఆదివారం కూడా మోయాలి.

మిర్యాలగూడ_గేర్:

మస్తు సమాచారం, ఇద్దరికీ థాంక్స్. ఇంకో రెండు. బైక్ హెల్మెట్ మంచిదే ఉన్నది, నడుస్తదా? కారుల కెమెరా పెట్టనిస్తరా? వీడియో లేకుంటే వీనికి స్పాన్సర్లు రారు.

జడ్చర్ల_44:

బైక్ హెల్మెట్ నడవది. హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ ముద్రల ఎం అంటే బైక్, కె అంటే కార్ట్, ఎస్ఏ అంటే కారు. ఎస్ఏ హెల్మెట్ లోపలి బట్ట మంటకు అంటుకోదు, రోల్‌బార్‌కు (బండి బోర్ల పడ్డా డ్రైవర్‌ను కాపాడే ఇనుప కడ్డీ) తగిలే దెబ్బకు కూడ పరీక్ష ఉంటది. కొనేటప్పుడే హాన్స్ పరికరం (గుద్దుకున్నప్పుడు మెడను కాపాడేది) తగిలించే బిళ్ళలకు మరలు ఉన్నయో లేదో చూడుండ్రి, తర్వాత ఇంట్ల డ్రిల్లు పెడ్తే ఆ హెల్మెట్ పనికిరాదు. సూట్ కూడ అంతే. కార్టింగ్ సూట్ రాపిడికి తట్టుకుంటది గాని మంటకు కాదు. కారుకు ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ స్పోర్ట్స్ సంఘం) 8856-2018 ముద్ర ఉన్నది చూడాలె.

కెమెరా మీద ముందే అనుమతి కావాలె, స్క్రూటినీరింగ్‌కు (రేసుకు ముందు బండి తనిఖీ) బండి పోకముందు బిగించాలె. హెల్మెట్‌కు అస్సలొద్దు. వాక్యూమ్ కప్పు ఒద్దు, వణుకుకు, ఎండకు ఊడి పెడళ్ళ కింద పడ్డదంటే బ్రేక్ తొక్కరాదు. రోల్‌బార్‌కు లోహం క్లాంపు, దానికి తోడు స్టీలు తీగ కట్టు. చెన్నై ఎండల గ్రిడ్ మీద ఆగినప్పుడు చిన్న కెమెరాలు వేడెక్కి బంద్ అయితయి, అందుకే 4కే వద్దు, 1080 చాలు, స్క్రీన్ ఆర్పేయాలె. సౌండ్ కోసం కెమెరా మైకు నమ్మొద్దు. చిన్న రికార్డర్ గెయిన్ (సౌండ్ పట్టే స్థాయి) బాగ తగ్గించి, ఫోమ్ చుట్టి, గాలి తగలని కాడ టేపు, జిప్ టై రెండూ వేసి కట్టాలె.

ల్యాప్ డేటాకు ఫోను పనికిరాదు. మామూలుగ ఫోన్ జీపీఎస్ సెకనుకు ఒక్కసారే లెక్క చూపిస్తది. 150 స్పీడుల సెకనుకు దగ్గర దగ్గర 42 మీటర్లు పోతరు, బ్రేక్ ఎక్కడ తొక్కిండ్రో ఏం తెలుస్తది? 25 హెర్ట్జ్ లాగర్ (సెకనుకు 25 సార్లు లెక్క రాసుకునే పరికరం) అయితే రెండు మీటర్ల లోపటనే ఒక చుక్క పడ్తది. ఇది వీడియోకు కూడ పనికొస్తది, రెండు ల్యాపుల గీతలు పక్కపక్కన పెట్టి చూపిస్తే జనం మ్యూజిక్ మాంటేజ్ కన్న ఎక్కువసేపు చూస్తరని నా అభిప్రాయం.

రేసు ఫుటేజ్ మీద హక్కు రేసు నడిపే ప్రమోటర్‌ది ఉండొచ్చు, ఆన్‌బోర్డ్ (బండిల కెమెరా) వీడియో మీద యాడ్లు నడిపే అనుమతి రాతల తీసుకోవాలె. స్పాన్సర్లు అంటే హైదరాబాద్ కంపెనీలే అనుకోకుండ్రి. మిర్యాలగూడల అన్ని రైస్ మిల్లులున్నయి, బండి పక్కన మిల్లు పేరు పెడ్తే తప్పేం లేదు, తెలుగు చానల్‌కు చూసేటోళ్ళు ఆ మిల్లు కొనుగోలుదార్లే. కాని డబ్బుకు బదులు టైర్లు, హెల్మెట్ ఇచ్చినా ఏడాదిల వాటి విలువ 20,000 దాటితే పది శాతం టీడీఎస్ ఉన్నది, 2022 జులై నుంచి. వీడియోల అది స్పాన్సర్ ఇచ్చిందని కనపడేటట్టు చెప్పాలె. చానల్ ఆదాయం, స్పాన్సర్ పైసలు కలిపి ఏడాదికి 20 లక్షలు దాటేటట్టుంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడ కావాలె, సీఏను సీజన్ మొదట్లనే కలువుండ్రి.

పాలమూరు_పిట్‌లేన్:

లోడ్‌సెల్ మాట నిజమే, దానికి కాదనను. కాని పైసలు ఒక్కదానికే సరిపోతే ముందు రేసింగ్ స్కూలే. మెడ మీద బరువు, మంటకు తట్టుకునే నామెక్స్ బట్టలల్ల వేడి, పక్కన ఇంకో బండి ఉంటే బ్రేక్ ఎన్ని మీటర్లు ముందు పడ్తదో రిగ్గు చెప్పది. పోయేముందు జెండాలు బట్టీ పట్టియ్యుండ్రి: పసుపుల ఓవర్‌టేక్ చేస్తే శిక్షే, పసుపు ఎర్ర చారలంటే రోడ్డు జారుతది, నల్ల జెండ మీద నారింజ బిళ్ళ, మన బండి నంబరు చూపిస్తే బండిల ఏదో చెడ్డది, పిట్‌కు రావాలె. స్కూల్ల రాత పరీక్షల ఎక్కువ తప్పేది చివరి దానికాడ్నే.