హక్కు లేని మనిషి అమ్మినా రిజిస్టరు చేయాల్సిందేనా?

కొత్త కొనుగోలుదారు:
నేను ఒక ఇంటి స్థలం కొన్నాను. కొనే ముందు ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించాను, లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆ స్థలం పాత దస్తావేజులన్నీ చూశాను, ఎక్కడా తనఖా గానీ మరొక అమ్మకం గానీ కనిపించలేదు. రిజిస్ట్రేషన్ అయిన ఏడాదికి కోర్టు నుంచి నోటీసు వచ్చింది. అమ్మిన ఆయన చెల్లెలు తమ తండ్రి ఆస్తిలో సగం వాటా కోరుతూ, నా రిజిస్ట్రేషన్‌కు ఎనిమిది నెలల ముందే పార్టిషన్ దావా వేసి ఉన్నారు. ఆమె హక్కును నేను తప్పుపట్టడం లేదు. నా బాధల్లా ఒక్కటే: స్టాంపు డ్యూటీ కట్టించుకొని, ఫొటోలు తీసి, వేలిముద్రలు వేయించుకొన్న కార్యాలయం, అమ్మే వ్యక్తికి అమ్మే హక్కు ఉందా అన్న ఒక్క మాట ఎందుకు అడగదు? అసలు మాతృ దస్తావేజును, ఈసీని చూపకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చని తమిళనాడు పెట్టుకొన్న 55ఏ నిబంధనను కూడా సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కొట్టివేసిందని చదివాను. ఇది కొనేవారికి అన్యాయం కాదా?

సివిల్ న్యాయవాది:
మీ ఆవేదన న్యాయమైనదే, కానీ ఆ తీర్పు సరైనదని నా అభిప్రాయం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ చూడవలసింది పరిమితం: దస్తావేజు రాసిచ్చిన వ్యక్తి ఆయనేనా, సంతకం తనదేనని ఒప్పుకొంటున్నాడా, రుసుములు చెల్లాయా అన్నంతవరకే. ఆస్తిపై హక్కు ఎవరిదో తేల్చాలంటే ఇరుపక్షాలనూ పిలిచి, సాక్ష్యం తీసుకొని, వారసత్వాన్ని, వీలునామాలను, స్వాధీనాన్ని పరిశీలించాలి. అది సివిల్ కోర్టు పని. రిజిస్టరైన విక్రయ దస్తావేజు అమ్మినవారికి ఎంత హక్కు ఉందో అంతే కొన్నవారికి బదిలీ చేస్తుంది, లేని హక్కును సృష్టించదు.

అధికారికి నిరాకరించే అధికారం ఇస్తే ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద తయారైన, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాల్లో పొరపాటున సర్వే నంబరు చేరిన పట్టాదారులు, తమ భూమిని తామే అమ్ముకోలేక, ఆ నంబరును తొలగించుకోవడానికి హైకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. ఒక ఉద్యోగి సందేహమే తీర్పుగా మారినప్పుడు నష్టపోయేది నిజమైన యజమాని.

దస్తావేజు లేఖరి:
న్యాయవాది గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. డాక్యుమెంట్లు రాసే వృత్తిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నేను చూసిన మోసాల్లో ఎక్కువ భాగం వారసత్వపు చిక్కుల వల్ల వచ్చినవి కావు. చనిపోయినవారి పేరుతో మరొకరు వచ్చి సంతకం చేయడం, ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మడం, అసలు కాగితం బ్యాంకులో ఉండగా జిరాక్సు చూపించి అమ్మడం వంటి మోటు మోసాలే ఎక్కువ. వీటిని పట్టుకోవడానికి హక్కును విచారించనక్కరలేదు, అసలు లింకు డాక్యుమెంటును బల్ల మీద పెట్టమంటే చాలు. తీర్పు చెప్పడం వేరు, కాగితం చూడడం వేరు. ఈ రెండింటినీ ఒకటే చేసి మాట్లాడడం వల్ల కొనేవాడు ఒంటరివాడైపోతున్నాడు.

సివిల్ న్యాయవాది:
మీ అనుభవాన్ని నేను కాదనడం లేదు. అయితే తాతల నుంచి వచ్చిన ఇంటికి, నోటి మాట మీద పంచుకొన్న పొలానికి అసలు దస్తావేజే ఉండదు. ఆ కుటుంబాలు ఏ కాగితాన్ని బల్ల మీద పెట్టాలి?

విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి:
హక్కుకు ప్రభుత్వమే పూచీ పడాలన్న ఆలోచన కొత్తది కాదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో టోరెన్స్ పద్ధతి మొదలైంది. అక్కడ రిజిస్టరులో ఉన్న పేరే హక్కుకు తుది రుజువు, ఆ విధానం వల్ల ఎవరైనా అన్యాయంగా నష్టపోతే పరిహారం ఇవ్వడానికి ఒక నిధి కూడా పెట్టారు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2023లో అమల్లోకి వచ్చి, 2024లోనే రద్దయింది. వివాదాన్ని సివిల్ కోర్టు నుంచి తప్పించి టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి చేతిలో పెట్టడాన్ని న్యాయవాదులు, రైతులు ఒప్పుకోలేదు. నా వరకు నేను చెప్పేదేమంటే, సర్వే హద్దులకూ అడంగల్‌కూ (గ్రామ సాగు రికార్డుకూ) పొంతన లేని చోట పూచీ ఇవ్వడమంటే తప్పుల మీద ముద్ర వేయడమే. మొదట రికార్డు బాగుపడాలి.

కొత్త కొనుగోలుదారు:
రికార్డు బాగుపడేదాకా నాలాంటివారు ఏం చేయాలి? నా విషయంలో మోసపు సంతకం లేదు, కాగితాలన్నీ అసలైనవే. దావా ఉందన్న సంగతి ఒక్కటే నాకు తెలియలేదు.

సివిల్ న్యాయవాది:
మీరు చెప్పిన ఆ చివరి మాటలోనే ఈ చర్చకు అసలు ప్రశ్న ఉందనిపిస్తోంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఒక స్థిరాస్తిపై హక్కు నేరుగా ప్రశ్నార్థకమైన దావా నడుస్తుండగా ఆ ఆస్తిని కొన్నవారు తీర్పుకు కట్టుబడాలి. దావా సంగతి నాకు తెలియదన్న జవాబు చెల్లదు. కొనుగోలు రద్దు కాదు గానీ, ఆ దావా ఫలితానికి లోబడి ఉంటుంది. ఇంత కఠినమైన నియమం పెట్టిన చట్టం, దావా ఉన్న సంగతిని ఈసీలో చూపించే ఏర్పాటు మన రాష్ట్రాల్లో చేయలేదు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు చేయని వీలునామా గానీ, కోర్టు దావా గానీ అందులోకి రావు.

మహారాష్ట్ర, గుజరాత్‌లలో మాత్రం 1939 నాటి బొంబాయి సవరణ వల్ల, దావా నోటీసును రిజిస్టరు చేయిస్తేనే 52వ సెక్షన్ కొనుగోలుదారును కట్టివేస్తుంది. అంటే అక్కడ సబ్ రిజిస్ట్రార్ ఎవరి హక్కునూ తేల్చనక్కరలేదు, ఎవరి దస్తావేజునూ నిరాకరించనక్కరలేదు. వివాదం ఉందన్న వార్త మాత్రం కొనబోయేవారికి అందుతుంది. మనం అడగవలసింది ఇది.

ఇక మీ కేసు విషయం. వాటా కోరిన చెల్లెలి దావాలో మిమ్మల్ని చేర్చుకోమని పిటిషన్ వేయండి. ప్రాథమిక డిక్రీలో వాటాలు తేలిన తరువాత, తుది డిక్రీ దశలో మీరు కొన్న స్థలాన్ని అన్నగారి వాటాలోకే కేటాయించమని కోర్టును కోరవచ్చు. చెల్లెలి వాటాకు సరిపడా మిగతా ఆస్తి ఉంటే, న్యాయస్థానాలు సాధారణంగా ఈ విన్నపాన్ని సానుభూతితో పరిశీలిస్తాయి. అది మీ హక్కని మాత్రం అనుకోకండి, కోర్టు విచక్షణ అది. అమ్మినవారు తనకు అమ్మే అధికారం ఉందని పూచీ ఇచ్చినట్టే ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ భావిస్తుంది గనుక, స్థలం చేజారితే ఆయనపై పరిహారానికి వెళ్లే దారి కూడా ఉంది.

దస్తావేజు లేఖరి:
ఈ సూచన బాగుంది, ఒప్పుకొంటాను. ఒక అనుమానం మిగిలింది. పక్కింటివాడికి కోపం వస్తే ఒక దొంగ దావా వేసి, నోటీసు రిజిస్టరు చేయించి, ఏళ్ల తరబడి అమ్మకాన్ని ఆపగలడు కదా? ఈసీలో ఆ వరుస కనిపించిన తరువాత ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు.

సివిల్ న్యాయవాది:
ఆపగలడు, ఆ ప్రమాదం నిజమే. అందుకే దావా వేసిన ప్రతివాడికీ ఆ అవకాశం ఇవ్వకుండా, కోర్టు ప్రాథమికంగా కాగితాలు చూసి అనుమతించిన నోటీసునే రిజిస్టరు చేయాలి, దావా కొట్టివేసిన వెంటనే ఆ వరుసను తొలగించాలి. దొంగ దావాకు ఖర్చులు విధించే అధికారం కోర్టులకు ఇప్పటికే ఉంది, వాడడమే తక్కువ.

కొత్త కొనుగోలుదారు:
నేను మొదట అడిగిన ప్రశ్నను మార్చుకొంటున్నాను. అధికారి నా తరఫున న్యాయమూర్తి కావాలని ఇప్పుడు కోరడం లేదు. దావా నంబరు ఒక్క వరుసగా ఈసీలో కనిపించి ఉంటే నేను బయానా కూడా ఇచ్చేవాణ్ణి కాదు, ఆ చెల్లెలు గారికి నా మీద నోటీసు పంపవలసిన అవసరమూ వచ్చేది కాదు. కోర్టు కేసుల వివరాలు ఉండే ఈ-కోర్ట్స్ సైటులో అమ్మేవారి పేరుతో వెతికితే ఆ దావా నిమిషంలో దొరికింది. కొనే ముందు అక్కడ వెతకవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. పార్టీగా చేర్చుకోమని సోమవారం పిటిషన్ వేస్తున్నాను. లేఖరి గారు, మీ దగ్గరకు అగ్రిమెంటు రాయించుకోవడానికి వచ్చేవారికి ఈసీతో పాటు ఆ వెతుకులాట కూడా చేయమని చెబుతారా?

దస్తావేజు లేఖరి:
తప్పకుండా చెబుతాను. అమ్మేవారి పేరుతో పాటు, ఆస్తి ఎవరి నుంచి వచ్చిందో ఆ తండ్రి పేరుతోనూ వెతకమంటాను, ఎందుకంటే పార్టిషన్ దావాలు ఎక్కువగా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఇంటిపేర్ల కింద చెల్లాచెదురుగా ఉంటాయి. పెళ్లైన ఆడపిల్లల ఇంటిపేరు మారి ఉంటుంది, అది కూడా అడిగి తెలుసుకోవాలి.