ఐరన్ అయాన్‌కి షార్ట్ ఎలక్ట్రాన్ విన్యాసం తప్పు వస్తోంది, 4ఎస్ ఎందుకు ముందు ఖాళీ అవుతుంది?

నోబుల్ గ్యాస్ పెట్టి షార్ట్‌గా రాసే పద్ధతి మామూలు పరమాణువులకి బాగానే వస్తోందండి, అయాన్ల దగ్గరే ఆగిపోయా. ఐరన్‌కి 26 ఎలక్ట్రాన్లు, ఆర్గాన్ 18 తీసేస్తే 8 మిగుల్తాయి, కాబట్టి [ఆర్గాన్] 4ఎస్² 3డి⁶, ఇది కరెక్టే. ఇప్పుడు ఐరన్ 2 ప్లస్ అయాన్‌కి 24 కదా, చివర్లో నిండింది 3డి కాబట్టి అందులోంచే రెండు తీసి [ఆర్గాన్] 4ఎస్² 3డి⁴ అని రాశా. జవాబేమో [ఆర్గాన్] 3డి⁶ అని ఉంది, 4ఎస్ మొత్తం ఖాళీ.

ముందు ప్రింటింగ్ మిస్టేక్ అనుకున్నా కానీ మాంగనీస్ 2 ప్లస్‌కి 3డి⁵, జింక్ 2 ప్లస్‌కి 3డి¹⁰, అన్నీ ఇలాగే ఉన్నాయి. ఉన్న 24 ఎలక్ట్రాన్లని మళ్ళీ మొదట్నుంచి ఆఫ్‌బౌ వరుసలో (తక్కువ శక్తి ఉన్న ఆర్బిటాల్ ముందు నింపే వరుస) నింపి చూశా, అప్పుడూ 4ఎస్² 3డి⁴ ఏ వస్తోంది. పోనీ క్రోమియంకి కూడా 24 ఏ కదా అని చూస్తే దానిది [ఆర్గాన్] 3డి⁵ 4ఎస్¹, అదీ కలవట్లేదు. మెగ్నీషియం, కాల్షియం అయాన్లు మాత్రం నా పద్ధతిలోనే కరెక్ట్‌గా వచ్చేస్తున్నాయి, అందుకే ఇంకా అయోమయంగా ఉంది. "4ఎస్ ముందు తీసెయ్" అని బట్టీ పట్టొచ్చు కానీ కారణం తెలియకుండా రాయబుద్ధి కావట్లేదు.

నింపేటప్పుడు 4ఎస్ ముందు నిండితే, అయాన్ అయ్యేటప్పుడు కూడా 3డి కంటే ముందు 4ఎస్ నుంచే ఎలక్ట్రాన్లు ఎందుకు పోతాయి?