రాజకీయాలు మాట్లాడవద్దన్న నియమం ఒక్కటే మార్గమా?

ప్రశ్న: తుంగభద్ర తీరవాసి, కర్నూలు

ఉన్నత పాఠశాలలో కలిసి చదువుకున్న మిత్రులం ఒక వాట్సాప్ గ్రూపు నడుపుకుంటున్నాం. కర్నూలు, నంద్యాల, ఎమ్మిగనూరు, డోన్‌లలో ఉన్నవారూ, బెంగళూరు, హైదరాబాదులలో స్థిరపడినవారూ అందులో ఉన్నారు. గత ఎన్నికలకు ముందు హైకోర్టు ఎక్కడ ఉండాలన్న చర్చ మొదలై, రెండు రోజుల్లోనే హద్దులు దాటిపోయింది. ఒకరు మరొకరిని కులం పేరుతో తూలనాడారు. ఆ రెండవవాడు బదులుగా ఒక నాయకుడి ఇంటి ఆడవారి గురించి రాయరాని మాటలు రాశాడు. ఆ రాత్రే అడ్మిన్ రాజకీయ చర్చను పూర్తిగా నిషేధించాడు. నాటి నుండి గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు, సుప్రభాత చిత్రాలు తప్ప మరేమీ రావడం లేదు.

గొడవ ఆగిన మాట నిజమే కానీ దూరం తగ్గలేదు. ఆ ఇద్దరిలో ఒకరి కుమార్తె పెళ్లికి రెండవవాడు రాలేదు. వచ్చిన మిత్రులు సైతం భోజనాల దగ్గర పార్టీల వారీగా వేర్వేరు బంతుల్లో కూర్చోవడం కళ్లారా చూశాను. నన్ను ఎక్కువగా బాధించిన విషయం మరొకటి ఉంది. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి ఏర్పాటు కోరుతూ శాసనసభ తీర్మానం చేసినప్పుడు మా గ్రూపులో ఒక్కరు కూడా ఒక్క మాట రాయలేదు. మాలో న్యాయవాదులు ఉన్నారు. భూమి కేసు కోసం రాత్రి బస్సెక్కి అమరావతికి వెళ్లి వచ్చే మిత్రుడూ ఉన్నాడు. మన ఊరికి ఇంత దగ్గరి విషయం మీదనే నోరు మెదపలేని స్నేహం ఎంతకాలం నిలుస్తుంది? నిషేధాన్ని అలాగే ఉంచాలా, లేక మర్యాద తప్పకుండా మాట్లాడుకునే పద్ధతి ఏదైనా ఉందా?

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, అనంతపురం

నిషేధాన్ని ఎత్తివేయమనే నా సలహా. అయితే ముందుగా, మనం దేని గురించి తగవులాడుతున్నామో తేల్చుకోవాలి. 1952 ఎన్నికల్లో అనంతపురం శాసనసభ స్థానానికి కాంగ్రెస్ తరఫున నీలం సంజీవరెడ్డి, కమ్యూనిస్టు పార్టీ తరఫున తరిమెల నాగిరెడ్డి పోటీపడ్డారు. ఇద్దరూ బావాబావమరుదులు. గెలిచినవారు నాగిరెడ్డి. వారి మధ్య ఉన్న భేదం చిన్నది కాదు. భూమి ఎవరిది, రాజ్యం ఎవరి కోసం అన్నంత మూలంలోకి వెళ్లిన భేదం అది. ఈనాడు మన గ్రూపుల్లో నడుస్తున్న తగవుల్లో అధిక భాగానికి అటువంటి మూలం లేదు. ఒక పని ఎవరి ఘనత అన్నదే వాటి సారాంశం.

సీమకు కృష్ణా నీటిని తెచ్చే హంద్రీ-నీవా పథకాన్నే తీసుకోండి. ఎన్టీ రామారావు కాలంలో ఆలోచన జరిగిందని ఒకరు, రాజశేఖరరెడ్డి కాలంలోనే పనులు ముందుకు సాగాయని మరొకరు అంటారు. 2012లో జీడిపల్లి జలాశయానికి నీరు చేరే నాటికి ముఖ్యమంత్రి వేరొకరు, ఆ తరువాత వచ్చిన ప్రభుత్వాలూ ఎంతో కొంత చేశాయి. ఈ వాదన ఎన్ని గంటలు సాగినా, ప్రధాన కాలువలోని నీటిని పొలానికి చేర్చే పిల్లకాలువలు మన మండలంలో ఎంతవరకు వచ్చాయన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. ఆ ప్రశ్న వేసి చూడండి. ఇరు పార్టీల అభిమానులూ ఒకే రైతు పక్షాన నిలబడవలసి వస్తుంది.

మనకు ముందువారు ఇలా కూర్చుని మాట్లాడుకోలేదా? 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ గృహంలో కోస్తా, రాయలసీమ నాయకులు సమావేశమయ్యారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే తమకు అన్యాయం జరుగుతుందని సీమవారు బాహాటంగా అనుమానించారు. ఆ అనుమానాన్ని ద్రోహమని ఎవరూ కొట్టిపారేయలేదు కనుకనే నీటిపారుదలలో ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని లేదా హైకోర్టును ఎంచుకునే అవకాశం కాగితం మీదికి వచ్చాయి.

సమాధానం: న్యాయవాది, కడప

అధ్యాపకుల వారి మాటల పట్ల గౌరవం ఉంది, అయినా సగం వరకే అంగీకరించగలను. శ్రీబాగ్‌లో రాసుకున్నది తరువాత ఎంతవరకు అమలైందన్న బాధ సీమలో నేటికీ తీరలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకే అది హైదరాబాదుకు తరలిపోయింది. మర్యాదగా మాట్లాడుకున్నా మాట నిలబడకపోతే మిగిలేది అపనమ్మకమే.

ఇక అసలు విషయానికి వస్తాను. మన పల్లెల్లో పార్టీ అనేది అభిప్రాయానికి మాత్రమే సంబంధించినది కాదు, బతుకుతెరువుకు సంబంధించినది. ప్రభుత్వం మారగానే ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటు మారతాడు, చౌక దుకాణం డీలరు మారతాడు, వెనుకటి ప్రభుత్వంలో సిమెంటు రోడ్డు వేసిన చిన్న కాంట్రాక్టరు బిల్లు కోసం కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు. అటువంటి మనిషితో నాయకుడి గురించి విమర్శగా ఒక మాట అంటే, అది అతని ఇంటి పొయ్యి మీద అన్నట్లే వినబడుతుంది. ఓడిన వర్గం ఊరు విడిచి వెళ్లిన రోజులను చూసిన ప్రాంతం మనది. కత్తులు, బాంబులు తగ్గాయి, భయం మాత్రం వేరే రూపంలో కొనసాగుతోంది. ఎదుటివాడు ఎందుకు అంత ఉడికిపోతున్నాడో తెలుసుకోకుండా మర్యాదను ఒక్కదాన్నే బోధించడం అన్యాయం.

ఒక్క లెక్క మాత్రం గుర్తుంచుకోదగ్గది. 2019లో తెలుగుదేశానికి 23 స్థానాలు, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 స్థానాలు వచ్చాయి. ఆ రెండుసార్లూ ఓడిన పార్టీకి పడిన ఓట్లు మాత్రం 39 శాతానికి పైగానే. స్థానాలను చూసి ‘వాళ్లు తుడిచిపెట్టుకుపోయారు’ అని స్టేటస్‌లు పెట్టుకునేవారు, తమ వీధిలో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురిని లేనట్లుగా చూస్తున్నారన్నమాట. ఉగాది నాడు దేవుని కడపలో వేంకటేశ్వరుని దర్శనానికి ముస్లిములు రావడం మా ఊరి ఆనవాయితీ. మతాల మధ్య ఇంత సహజంగా మెలగగలిగిన వాళ్లం, జెండా రంగు దగ్గర ఎందుకు తడబడుతున్నామో నాకు ఎంత ఆలోచించినా బోధపడటం లేదు.

సమాధానం: ఉపాధ్యాయిని, ఆదోని

మా బడిలో మధ్యాహ్న భోజన విరామంలో జరిగిన ఒక సంభాషణను చెబుతాను. పథకాలు మనుషులను సోమరులను చేస్తున్నాయని ఒక సహోపాధ్యాయుడు అన్నాడు. పక్కనే ఉన్న ఉపాధ్యాయుడు తినడం ఆపి క్యారియర్ మూత పెట్టేశాడు. వితంతు పింఛనుతో, కూలి డబ్బుతో తల్లి తనను చదివించిందని మా అందరికీ తెలుసు. ఆయన కేకలు వేయలేదు. ‘సార్, మా అమ్మ సోమరి అంటారా?’ అని మాత్రం అడిగాడు. మొదటాయన కాసేపు తటపటాయించి, ‘మీ అమ్మగారిని కాదు సార్, చదువుకున్న పిల్లలకు ఉద్యోగాలు చూపకుండా డబ్బు పంచి సరిపెట్టడాన్ని అంటున్నాను’ అని వివరించాడు. అప్పుడు రెండవాయన, ‘ఆ మాటైతే నేనూ ఒప్పుకుంటాను’ అన్నాడు. ఇద్దరి ఓట్లు మారాయని నేను అనుకోను. మరునాడు కూడా పక్కపక్కనే కూర్చుని తిన్నారు.

దీన్నిబట్టి మేము మా స్టాఫ్‌రూములో ఒక అలవాటు చేసుకున్నాం. బదులు చెప్పే ముందు, ఎదుటివారు ఏమన్నారో వారికి ఒప్పుదల అయ్యేలా మన మాటల్లో ఒకసారి చెప్పాలి. వారు ‘అవును, అదే నా ఉద్దేశం’ అన్న తరువాతే మన వాదన మొదలవ్వాలి. వాట్సాప్‌లోనూ ఇది సాధ్యమే. ఫార్వర్డ్ చేసిన వీడియో కాకుండా సొంత వాక్యాలు రాయాలన్న షరతు తోడైతే సగం విషం అక్కడే ఆగిపోతుంది. మా కోసిగి, మంత్రాలయం వైపు నుండి మిరపకాయల కోతకు కుటుంబాలు గుంటూరు వైపు వలస పోతుంటే తరగతి గదులు పలచబడతాయి. ఆ పిల్లల గురించి మాట్లాడటమూ రాజకీయమే. దానిని నిషేధించే గ్రూపులో ఉండాలని నాకు అనిపించదు.

తుంగభద్ర తీరవాసి, కర్నూలు

అందరికీ కృతజ్ఞతలు. సొంత వాక్యాలు, ఎదుటివారి మాటను ముందు చెప్పడం, నాయకులను వదిలి విషయానికి కట్టుబడటం అనే షరతులతో బెంచి అంశం ఒక్కదాని మీద చర్చ తెరవమని అడ్మిన్‌ను అడుగుతాను. ఒక సందేహం మిగిలింది. కులం పేరెత్తినవాడు, ఆడవారి గురించి రాసినవాడు ఇప్పటికీ క్షమాపణ చెప్పలేదు. అది లేకుండానే చర్చ మొదలుపెట్టవచ్చునా?

ఉపాధ్యాయిని, ఆదోని

వద్దు. ఆ ఇద్దరితోనూ విడివిడిగా, ఇంటికి వెళ్లి మాట్లాడండి. తాము రాసినది తప్పని వారు గ్రూపులోనే, అందరూ చదివేలా రాయాలి. మీ గ్రూపులోని స్త్రీలు ఇన్నాళ్లూ మౌనంగా ఉన్నది అడ్మిన్ నిషేధానికి కట్టుబడి కాకపోవచ్చు, వారినీ ఒకసారి అడిగి చూడండి.