తల్లీ వృద్ధురాలే, కొడుకూ వృద్ధుడే: బాధ్యత ఎవరిది?

ప్రశ్న:
మా అమ్మగారికి 88 ఏళ్లు, నాకు 63. నాకు మధుమేహం, నా భార్యకు మోకాళ్ల నొప్పులు ఉన్నా, అమ్మను లేపడం, స్నానం చేయించడం, మందులు వేయడం మేమే చూసుకుంటున్నాము. అందులో ఎక్కువ భాగం నా భార్యే చేస్తోంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి 32 ఏళ్ల దగ్గర ఉన్న మన సగటు ఆయుర్దాయం ఇప్పుడు 70కి చేరింది. కన్నవారిని పోషించడం పిల్లల ధర్మమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ ఆ పిల్లలే వృద్ధులైనప్పుడు బాధ్యత ఎవరి మీదికి వెళ్లాలి? దూరాన ఉద్యోగాలు చేసుకుంటున్న మనవల మీదికా, ప్రభుత్వం మీదికా?

జవాబు 1:
చట్టం మీ ప్రశ్నకు సగమే సమాధానం చెబుతుంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం 60 నిండినవారిని వయోవృద్ధులుగా గుర్తిస్తుంది కనుక, మీరు ఏకకాలంలో తల్లిని పోషించవలసిన కొడుకూ, పిల్లల నుంచి పోషణ కోరగల తండ్రీ అవుతారు. మేజరైన మనవలు, మనవరాళ్లకు కూడా ఆ చట్టం ప్రకారం బాధ్యత ఉంది. అయితే ఆ చట్టం కింద ఫిర్యాదులు విచారించే ట్రిబ్యునల్ ఇప్పించగలిగేది నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల భరణం మాత్రమే. ఇక కోడలి ప్రస్తావన అందులో లేదు. ఆమెపై భారం మోపకపోవడం సరైనదే. కానీ మన ఇళ్లలో సేవంతా చేస్తున్న మనిషి ఆరోగ్యం గురించి, విశ్రాంతి గురించి ఎవరూ పట్టించుకోకపోవడం ఘోరమైన అన్యాయం.

జవాబు 2:
ఆస్తి సంగతి కూడా ఆలోచించండి. తండ్రి 90 ఏళ్లు బతికితే పొలం చేతికి వచ్చేసరికి కొడుక్కి 60 దాటుతాయి. పిల్లల చదువులకో, ఇల్లు కట్టుకోవడానికో డబ్బు కావలసిన వయసు అప్పటికే గడిచిపోతుంది. అందుకే ముందుగా గిఫ్టు డీడు రాయమని ఇంట్లో ఒత్తిడి మొదలవుతుంది. రాసిచ్చాక ఇంకో ఇరవై ఏళ్లు బతికితే తమ గతేమిటన్న పెద్దల భయమూ న్యాయమైనదే. పోషిస్తామన్న షరతు మీద తీసుకుని పోషించకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలు ఆ 2007 చట్టంలోని 23వ సెక్షన్ కల్పిస్తుంది. షరతు ఉన్నట్టు చూపాలని 2022లో సుప్రీంకోర్టు అన్నది. 2025 జనవరిలో మాత్రం, చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా అన్వయించాలని చెప్పింది. ఏదేమైనా, షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం క్షేమం.

జవాబు 3:
సగటు ఆయుర్దాయం గురించి ఒక మాట. ఆనాటి 32లో పసిపిల్లల మరణాల ప్రభావం చాలా ఎక్కువ. అప్పుడూ వృద్ధులు ఉండేవారు. ఇప్పటి తేడా ఏమిటంటే, 80 దాటినవారు పెరిగారు, వారిని చూసుకునే సంతానం తగ్గింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇలాంటి పరిస్థితినే ఎదుర్కొన్న జపాన్, 2000లో వృద్ధుల సంరక్షణకు ప్రత్యేక బీమా తెచ్చింది: 40 ఏళ్ల నుంచి అందరూ ప్రీమియం కడతారు, ఇంటికి వచ్చి స్నానం చేయించే సేవ కూడా దానిలో భాగమే. మన దగ్గర 70 దాటినవారికి 2024 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందుతోంది, కానీ అది ఆసుపత్రిలో చేరినప్పుడే. మీ అమ్మగారికి రోజూ కావలసిన సాయం దాని పరిధిలోకి రాదు. మనవలు డబ్బు పంపగలరు, పంపాలి కూడా. శిక్షణ పొంది, గౌరవప్రదమైన జీతంతో ఇళ్లకు వచ్చే సహాయకులను మాత్రం ప్రభుత్వమే ఏర్పాటు చేయాలి. అందుకయ్యే ఖర్చులో సంపాదించే వయసులో ఉన్న మాలాంటివారు ఇప్పటి నుంచే తమ వంతు చెల్లించాలి.