ఎఫ్‌సీసీ రైజర్ మోడల్‌కి మూడు లంప్‌లు చాలా, పది కావాలా?

ఎంటెక్_విద్యార్థి:
నా థీసిస్ ఎఫ్‌సీసీ (గ్యాసాయిల్ లాంటి బరువైన నూనెను వేడి కేటలిస్ట్‌తో విరగ్గొట్టి గ్యాసోలిన్ చేసే రిఫైనరీ యూనిట్) రైజర్ మోడలింగ్ మీద. రైజర్ అంటే ఆ విరగడం జరిగే నిలువు గొట్టం, లంప్ అంటే ఒకే పదార్థంగా లెక్కించే పదార్థాల గుంపు. వీక్‌మన్ 1968లో ఇచ్చిన మూడు లంప్‌ల మోడల్‌తో (గ్యాసాయిల్, గ్యాసోలిన్, గ్యాస్‌తో కలిపి కోక్) మొదలుపెట్టాను. పది లంప్‌లు లేకపోతే థీసిస్ నిలబడదని మా గైడ్ అంటున్నారు. రిఫైనరీలో పనిచేసే మా సీనియర్ మాత్రం మూడు చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

షిఫ్ట్_ఇంజనీర్:
లంప్‌ల లెక్క తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు ఇది చెప్పు, నీ మోడల్లో రీజనరేటర్ (కేటలిస్ట్ మీద పేరుకున్న కోక్‌ని, అంటే కార్బన్‌ని, కాల్చే పాత్ర) ఉందా?

ఫీడ్ ప్రిహీట్ (లోపలికి వెళ్లే నూనెను ముందే వేడి చేయడం) 20 డిగ్రీలు పెంచామనుకో. క్యాట్-టు-ఆయిల్ (కేటలిస్ట్‌కీ నూనెకీ మధ్య) నిష్పత్తిని స్థిరంగా పెట్టుకున్న మోడల్, రైజర్ వేడెక్కింది కాబట్టి కన్వర్షన్ (ఫీడ్‌లో విరిగిన వాటా) పెరిగిందంటుంది. యూనిట్‌లో జరిగేది వేరు. రైజర్ పైన ఉష్ణోగ్రతను కంట్రోలర్ పట్టి ఉంచుతుంది. ఫీడే వేడిగా వస్తోంది కాబట్టి వేడి కేటలిస్ట్‌ని రైజర్‌లోకి వదిలే స్లైడ్ వాల్వ్ కొంచెం మూసుకుంటుంది, కేటలిస్ట్ సర్క్యులేషన్ తగ్గుతుంది, దాంతో కన్వర్షన్ కూడా పడిపోతుంది. అంటే మోడల్ చెప్పే దిశే తప్పు. బోర్డు మీద కూర్చున్న ఆపరేటర్ ఒక్కసారి అలాంటి జవాబు చూస్తే ఇక ఆ మోడల్ జోలికి రాడు.

ఎఫ్‌సీసీ తన కోక్‌ని తానే కాల్చుకుని ఆ వేడితో బతికే యూనిట్. ఆ హీట్ బ్యాలెన్స్ లేకుండా యాభై లంప్‌లు పెట్టినా లాభం లేదు.

కైనెటిక్స్_పరిశోధకురాలు:
హీట్ బ్యాలెన్స్ గురించి మీరన్నది నిజమే. మూడు లంప్‌లు చాలవనడానికి అదే కారణం కూడా. ఆ మోడల్లో గ్యాస్, కోక్ ఒకే లంప్. కోక్ ఎంతో విడిగా తెలియనప్పుడు రీజనరేటర్ వేడి ఎలా లెక్కిస్తారు? కోక్‌ని వేరు చేసిన నాలుగు లంప్‌ల మోడల్ అయినా ఉండాలి.

ఇక ఫీడ్ సంగతి. తక్కువ లంప్‌ల మోడల్లో రేట్ స్థిరాంకాలు (చర్యల వేగాన్ని చెప్పే సంఖ్యలు) ఏ ఫీడ్‌తో కట్టామో దానికే సరిపోతాయి. విశాఖ లాంటి తీరప్రాంత రిఫైనరీకి ఓడల్లో రకరకాల క్రూడ్ వస్తుంది. మరిగే ఉష్ణోగ్రతలు ఒకటే అయినా పారాఫిన్లు ఎక్కువున్న ఫీడ్ బాగా విరుగుతుంది, ఆరోమాటిక్ వలయాలు మాత్రం విరగవు. 1976 నాటి పది లంప్‌ల మోడల్ పారాఫిన్లు, నాఫ్తీన్లు, ఆరోమాటిక్ వలయాలు, వాటి పక్క గొలుసులు అన్నిటినీ విడివిడిగా చూసింది అందుకే. స్థిరాంకాలు ఫీడ్‌తో పాటు మారకూడదన్నదే దాని ఉద్దేశం.

షిఫ్ట్_ఇంజనీర్:
గ్యాస్, కోక్ కలిసి ఉన్న విషయం నాకు తట్టలేదు మేడమ్, ఒప్పుకుంటున్నాను. నాలుగు లంప్‌లు ఉండాల్సిందే. కానీ పదికి డేటా ఏది? మా ల్యాబ్ నుంచి రోజూ వచ్చేది సాంద్రత, డిస్టిలేషన్, కార్బన్ రెసిడ్యూ, సల్ఫర్. వలయాల లెక్క రాదు.

ఇంకొకటి, ఇది నా అనుభవం. ఒకప్పుడు మా మోడల్ కోక్‌ని ఎప్పుడూ తక్కువ చూపించేది. మూడు వారాలు స్థిరాంకాలు మారుస్తూ కూర్చున్నాం, చివరికి చూస్తే తప్పు ఫ్లూ గ్యాస్ అనలైజర్‌ది. లంప్‌లు ఎక్కువైతే మీటర్ తప్పులు దాక్కోవడానికి చోటు కూడా ఎక్కువవుతుంది.

కైనెటిక్స్_పరిశోధకురాలు:
సాంద్రతకి వక్రీభవన గుణకం, అణుభారం తోడైతే వలయాల్లో ఎంత కార్బన్ ఉందో ఎన్-డీ-ఎమ్ పద్ధతిలో అంచనా వేయొచ్చు. అది అంచనా మాత్రమే, కానీ ఫీడ్ మారిన రోజున ఏమీ లేకపోవడం కంటే చాలా నయం. మీటర్ తప్పుల గురించి మీరన్న మాటతో మాత్రం వాదించను.

ఎంటెక్_విద్యార్థి:
చాలా థ్యాంక్స్ అండీ. నాలుగు లంప్‌లతో, రీజనరేటర్‌ని కలిపి మొదలుపెడతాను. ప్రిహీట్ పెంచితే కన్వర్షన్ తగ్గుతోందా అన్నదే మొదటి పరీక్ష. అది దాటాక రెండో ఫీడ్ మీద నడిపి చూస్తాను. అక్కడ తప్పితే పది లంప్‌లకు వెళ్తాను, ఆ గ్రాఫ్‌లు ఇక్కడే పెడతాను.