పాక్స్ వెస్ట్‌కి ఒక్కరోజు పాస్: ప్యానెళ్లా, కొత్త గేములా?

రెడ్‌మండ్_రాకెట్: లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) వీకెండ్‌లో సియాటెల్‌లో జరిగే వీడియో గేముల పండగ పాక్స్ వెస్ట్‌కి శనివారం పాస్ దొరికింది. నాలుగు రోజులూ వెళ్తానంటే ఇంట్లో ఊరుకోరు. ప్యానెళ్లు (గేములవాళ్ల చర్చలు) వినాలని ఉంది, ఇంకా రిలీజ్ కాని గేములు ఆడాలనీ ఉంది. ఒక్క రోజులో రెండూ అవుతాయా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

బోథెల్_బాబాయ్: అవుతాయి. కాకపోతే పెద్ద కంపెనీ బూత్ (స్టాల్) ఒక్కటే ప్లాన్‌లో పెట్టుకో. పొద్దున పదింటికి ఎక్స్‌పో హాల్ తెరవగానే జనమంతా పేరున్న కంపెనీల మీద పడతారు. పావుగంట డెమోకి రెండు గంటలు నిలబడాల్సి రావచ్చు. లైన్ నిండిపోతే వాలంటీర్లు (అక్కడ ఎన్‌ఫోర్సర్లు అంటారు) ఇంకెవరినీ చేర్చుకోరు, ఎంత బతిమాలినా అంతే.

నేనైతే ఇండీ (సొంతంగా గేములు చేసుకునే చిన్న టీముల) బూత్‌ల దగ్గరే తిరుగుతా. ఒకసారి ఒక పజిల్ గేమ్‌లో తలుపు తెరుచుకోక తంటాలు పడుతుంటే, పక్కనున్న కుర్రాడు నోరు మెదపకుండా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. తీరా చూస్తే గేమ్ చేసింది అతనే. "పొద్దుట్నుంచీ అందరూ ఇక్కడే ఆగిపోతున్నారు, ఆ మీట చీకట్లో కనబడట్లేదు" అన్నాడు. ఏ ప్యానెల్లో చెప్తారు ఇలాంటివి?

వాకిట్లో_యోషి: బాబాయ్ గారూ, లైన్లని మరీ అంత తీసిపారేయకండి. 2023లో నింటెండో కంపెనీ సొంత పండగ నింటెండో లైవ్ కూడా అదే వారాంతంలో సియాటెల్‌లోనే పెట్టారు. వరసలో ముందున్న అమ్మాయీ నేనూ స్విచ్‌లో (నింటెండో చేతి కన్సోల్) రేసులు ఆడుతూ నిలబడ్డాం, టైమే తెలియలేదు. స్నేహితులతో వెళ్తే లైన్ కూడా పండగే. ఒంటరిగా వెళ్తే మాత్రం మీరన్నట్టు ఇండీలే మేలు.

క్రిట్‌హిట్_కావలి: ప్యానెళ్ల గురించి నా మాట. మెయిన్ థియేటర్లో జరిగేవి చాలావరకు ట్విచ్ అనే స్ట్రీమింగ్ సైట్‌లో లైవ్ వస్తాయి, వాటికోసం పాస్ టైమ్ ఖర్చు పెట్టొద్దు. చిన్న గదుల్లో జరిగేవి ఎంచుకో. సౌండ్ డిజైనర్లు, కథ రాసేవాళ్లు కూర్చుని తమ పని గురించి తీరిగ్గా చెప్తారు. ప్రశ్నల టైమ్‌లో మైక్ దొరికిందని ఆత్మకథ మొదలుపెట్టేవాళ్లు ఎలాగూ ఉంటారు, అప్పుడు నెమ్మదిగా బయటికి వచ్చేయొచ్చు.

ఇంకోటి, ప్యానెల్ గది ఏ బిల్డింగ్‌లోనో ముందే చూసుకో. కన్వెన్షన్ సెంటర్‌కి ఇప్పుడు ఆర్చ్, సమ్మిట్ అని రెండున్నాయి. సమ్మిట్ 2023లో తెరిచారు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లాలంటే రోడ్డెక్కాల్సిందే.

గచ్చిబౌలి_గేమర్: నేను హైదరాబాద్‌లో ఐజీడీసీ (ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్) చూశా. 2023లో హెచ్‌ఐసీసీలో, 2024లో హైటెక్స్‌లో జరిగింది, 2025లో చెన్నైకి వెళ్లిపోయింది (ఇంకా కడుపుమంటే నాకు). అది ముఖ్యంగా గేములు తయారుచేసేవాళ్ల కోసం. సెషన్ అవగానే స్పీకర్‌ని కారిడార్లో పట్టుకుంటే కాసేపు మాట్లాడతారు, నాకు దక్కిన లాభమంతా అక్కడే. పాక్స్ చిన్న ప్యానెళ్లలోనూ అలా కుదురుతుందా?

క్రిట్‌హిట్_కావలి: కుదురుతుంది బ్రో. స్టేజ్ ఖాళీ చేయాలి కాబట్టి గది బయట నిలబడు, అక్కడే గుంపు కడతారు.

సేవ్‌పాయింట్: శానిటైజర్ మర్చిపోకండి. ఒక్కో కంట్రోలర్ మీద ఎన్ని చేతులు పడతాయో! 2009లో పాక్స్‌కి వచ్చినవాళ్లలో కొంతమందికి స్వైన్ ఫ్లూ అంటుకుంది. మామూలు ఏడాదిలో కూడా మంగళవారానికల్లా ఆఫీసులో సగం మంది తుమ్ములే. కారు నార్త్‌గేట్‌లో పెట్టి లైట్ రైల్‌లో వెస్ట్‌లేక్‌లో దిగండి, డౌన్‌టౌన్ పార్కింగ్ బాధ తప్పుతుంది.

రెడ్‌మండ్_రాకెట్: థాంక్స్ అందరికీ. పొద్దున ఒక పెద్ద బూత్, మధ్యాహ్నం దాకా ఇండీలు, తర్వాత చిన్న ప్యానెళ్లు రెండు. ఆరింటికి హాల్ మూసేస్తారు కదా, ఆ తర్వాత ఇంటికేనా?

బోథెల్_బాబాయ్: ఇంటికెందుకయ్యా, బోర్డ్ గేముల సెక్షన్ రాత్రి దాకా ఉంటుంది. లైబ్రరీలో నచ్చిన గేమ్ తీసుకుని ఆడి ఇచ్చేయడమే. మనుషులు తక్కువైతే "ప్లేయర్లు కావాలి" అని బోర్డు పెట్టుకుని కూర్చుంటారు, వెళ్లి పక్కన కూర్చో. రూల్స్ వాళ్లే చెప్తారు.