చెయ్యి పడిపోయిందా, స్వాధీనం తప్పిందా?

ప్రశ్న: కందుకూరు నుంచి, విశ్రాంత దస్తావేజు లేఖరి

భాషాభిమానులకు నమస్కారం. నా కుడి చెయ్యి పడిపోయిందని మూడు నెలలుగా ఊరంతా అంటోంది. ఎక్కడా పడిపోలేదు, భుజానికే వేలాడుతూ ఉంది. చొక్కా తొడిగేటప్పుడు అన్నిటికంటే ముందు అదే అడ్డం వస్తుంది. పక్షవాతం వచ్చిన మాట నిజం, దానితో పేచీ లేదు. నా పేచీ అంతా ఈ "పడిపోవడం" అనే మాటతోనే.

ముప్పై ఒక్క సంవత్సరాలు రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాశాను. మాట ఎక్కడ జారితే దావా ఎక్కడ లేస్తుందో తెలిసిన వృత్తి. గోడ పడిపోతుంది, ధర పడిపోతుంది. ఆ పడిపోయింది ఎవరిదన్న సంగతి ఆ మాట చెప్పదు. మా అమ్మ తరంవారు దీన్నే "కాలూ చెయ్యీ స్వాధీనం తప్పాయి" అనేవారు. స్వాధీనం! అమ్మకం కాగితాల్లో నేను వేలసార్లు రాసిన మాట. హక్కు వేరు, స్వాధీనం వేరు. పట్టా మన పేరు మీదే ఉన్నా, పొలంలో ఇంకొకడు దున్నుకుంటూ ఉంటే స్వాధీనం లేనట్టే. నా చేతి సంగతీ అంతే. హక్కుదారును నేనే, గిల్లితే నొప్పి నాకే తెలుస్తుంది. లేవమంటే మాత్రం లేవదు. చిత్రమేమిటంటే, ఆవలింత వచ్చినప్పుడు తనంతట తానే మోచెయ్యి ముడుచుకుని పైకి లేస్తుంది! దున్నుకునేవాడు ఎవడో ఉన్నాడనే నా అనుమానం.

ఇంకొక మాట. నన్ను "చెయ్యి తిరిగిన రాతగాడు" అనేవారు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, ఈ నాలుగు హద్దుల మధ్య గల భూమి అని చెయ్యి రాసుకుపోతుంటే, నేను పక్క బల్ల ఆయనతో వానల సంగతి మాట్లాడుతూ ఉండేవాణ్ణి. ఆ తిరిగిన చెయ్యి ఇప్పుడు ఎటు తిరిగింది? ఈ రెండు ప్రయోగాల మీద మీకు తెలిసింది చెప్పండి.

(మా కందుకూరును 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు. సెంటు నేల కూడా కదలకుండానే జిల్లా మారింది. నా చెయ్యి కూడా అలాగే ఎవరి పరిధిలోకో పోయింది. ఇదంతా పుర్రచేతి బొటనవేలితో కొట్టింది, తప్పులు మన్నించండి.)

జవాబు: కావలి నుంచి, తెలుగు ఉపన్యాసకుడు

లేఖరి గారూ, నా ఓటు కూడా "స్వాధీనం"కే. "పక్షవాతం"లో పక్షం అంటే ఒక వైపు. ఒళ్లంతా కాక సగమే లొంగకుండా పోతుందన్న సంగతిని పాతవారు పేరులోనే పెట్టారు.

"తిరగడం" ఇంకా తమాషా అయిన మాట. తల తిరిగినా కళ్లు తిరిగినా జబ్బు. చెయ్యి తిరిగితే, నోరు తిరిగితే నేర్పు. అన్నట్టు కాలికి ఆ గౌరవం లేదు, కాలు తిరిగితే ఊళ్లు తిరగడమే. "తిరిగి" అంటే "మళ్లీ" అని కూడా కదా! మళ్లీ మళ్లీ చేసి వచ్చిన పనితనం కాబట్టి చెయ్యి "తిరిగింది" అన్నారని నా ఊహ.

నెల్లూరు సీమవాళ్లం, రాత మాట వచ్చాక తిక్కనను తలవకుండా ఎలా? ఆయన ఆగకుండా చెబుతుంటే కుమ్మరి గురునాథుడు గంటం ఆపకుండా రాశాడని కథ. ఒకచోట పద్యం తట్టక "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నారట. గురునాథుడి గంటం దాన్నీ రాసేసింది. తీరా చూస్తే అది సంజయుడు ధృతరాష్ట్రుడితో మాట్లాడే ఘట్టం. "చెప్పుదున్" తరువాత "కురునాథా" వచ్చినా ద్రుతం (మాట చివరి నకారం) మీద కకారం గకారమవుతుంది కాబట్టి పద్యం అలాగే కుదిరిపోయింది. అర్థం కోసం ఆగని చెయ్యి అంటే అది.

జవాబు: చీమకుర్తి నుంచి

ఆవలింత మాట చదివితే బడిలో చదివిన "అసంకల్పిత ప్రతీకార చర్య" గుర్తుకొచ్చింది. వేడి గిన్నె మీద పగ తీర్చుకోవడం కాబోలు అనుకునేవాణ్ణి.

జవాబు: నెల్లూరు నుంచి, నరాల వైద్యురాలు

చీమకుర్తి వారికి ముందుగా: అక్కడ ప్రతీకారం అంటే పగ కాదు, తిరిగి చేసే చర్య. వేడి తగిలి చెయ్యి వెనక్కి లాక్కోవడం వెన్నుపాము దగ్గరే తేలిపోయే వ్యవహారం. పై ఆఫీసుకు కబురు తరువాత వెళుతుంది.

లేఖరి గారూ, మీ భాషలోనే చెబుతాను. ఒక చెవి నుంచి ఇంకో చెవికి నడినెత్తి మీదుగా రిబ్బను కట్టారనుకోండి. ఇంచుమించు దాని కింద ఉండే మెదడు మడతే చాలక వల్కలం. ఒళ్లు కదిలించే ఆజ్ఞలు ప్రధానంగా అక్కడి నుంచే దిగుతాయి. 1870లో బెర్లిన్‌లో ఫ్రిచ్, హిట్జిగ్ అనే ఇద్దరు కుక్క మెదడు మీద అక్కడక్కడ కొద్దిపాటి విద్యుత్తు తాకించి, రెండో వైపు కాళ్లు కదలడం చూశారు. తరువాత మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్, మెలకువగా ఉన్న మూర్ఛ రోగులకు శస్త్రచికిత్స చేస్తూ ఆ మడతకు హద్దులు రాశాడు. 1937లో బోల్‌డ్రీతో కలిసి ప్రచురించాడు. నడినెత్తి దగ్గర కాలు, కిందికి వస్తుంటే నడుము, చెయ్యి, ముఖం, నాలుక. పంపకం మాత్రం సమానం కాదు. నడుముకు సెంట్లు, చేతికీ నోటికీ ఎకరాలు. ఉపన్యాసకుల వారు "తిరగడం" చేతికీ నోటికీ మాత్రమే నేర్పు అన్నారు చూడండి, ఆ రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్న పెద్ద కమతాలు. భాషకు ఇది తెలిసే అలా పలికిందని నేననను. చదివి ముచ్చటపడ్డాను, అంతే.

మీ స్వాధీనం వాదానికి బలమైన సాక్ష్యం కూడా పెన్‌ఫీల్డ్ దగ్గరే ఉంది. విద్యుత్తు తాకించి చెయ్యి కదిలించినప్పుడు రోగులు, ఇది నేను చేసింది కాదు, మీరు చేయించారు అనేవారట. చెయ్యి వాళ్లదే, కదిలిందీ నిజమే. స్వాధీనం మాత్రం ఆ క్షణానికి డాక్టరుది!

ఇక మీ విషయం. మెదడు ఒక్కో వైపు నుంచి సుమారు పది లక్షల తంతువులు వెన్నుపాముకు దిగుతాయి. వాటిలో నూటికి ఎనభై అయిదు, తొంభై మజ్జాముఖం దగ్గర, అంటే మెదడు వెన్నుపాముతో కలిసే చోట, రెండో వైపుకు దాటుతాయి. అందుకే ఎడమ మెదడులో రక్తం అందకపోతే కుడి చెయ్యి పోతుంది, "పక్షం" అక్కడి నుంచి వచ్చిందే. మీ కండ చెడలేదు, చేతిలో నరం తెగలేదు. ఆజ్ఞ దిగే దారి తెగింది. ఆవలింత మెదడు కాండం వైపు నుంచి నడిచే పాత వ్యవహారం. మీలాంటి కొందరిలో చెయ్యి దానితో పాటు లేవడం వైద్యులకు తెలిసినదే. దున్నుకునేవాడు పరాయివాడు కాదు, మీ ఇంట్లోని పాత పాలేరే.

తిరిగిన చెయ్యి ఎటు పోయిందన్నారు. అది చేతిలో ఎప్పుడూ లేదండీ. ఆజ్ఞకు ముందు ముసాయిదా ఉంటుంది, అది తయారయ్యేది చాలక వల్కలానికి ముందున్న ప్రాంతాల్లో. రాస్తుండగా తప్పొప్పులు సరిచూసేది తల వెనుక భాగంలోని చిన్న మెదడు. 1980లో రోలండ్ బృందం కొందరిని వేళ్లు కదపకుండా, వేళ్ల వరుసను మనసులోనే ఆడించమంది. వారి కొలతల్లో ముసాయిదా ప్రాంతానికి రక్తప్రవాహం పెరిగింది, ఆజ్ఞ మడతలో పెరగలేదు. ఇంకా వినండి. 1999లో కొందరి చేత సంతకాన్ని ఒకసారి చూపుడువేలితో, ఒకసారి కాలి బొటనవేలితో చేయించి స్కానింగులో చూశారు. కాలితో చేసినా, ఆ సంతకం కోసం చేతికి చెందిన ముసాయిదా ప్రాంతమే పనిచేసింది. మీ ముసాయిదా దాఖలాలో ఉండే అవకాశమే ఎక్కువ. ఎడమ చేత్తో సంతకం చేసి చూడండి. రోజూ కాసేపు కుడి చెయ్యి కదిలినట్టు మనసులో రాయండి, వ్యాయామం మాత్రం మానకండి.

జవాబు: ఒంగోలు దగ్గర పల్లె నుంచి

అయ్యా, ఎద్దుల్ని కట్టేవాణ్ణి, నాకు తెలిసింది ఇంతే. ఎడమది దాపటెద్దు, కుడిది ఎలపటెద్దు. డాక్టరమ్మ గారి లెక్క ప్రకారం మనిషిలో దాపట పగ్గం ఎలపటకు, ఎలపట పగ్గం దాపటకు వేశారు. దాపట మరిగిన ఎద్దును ఎలపట కడితే కొన్నాళ్లు కాడి తన్నేస్తుంది. దారి మాత్రం దానికి తెలుసు. మీ పుర్రచెయ్యీ అంతే, కొట్టవద్దు.

జవాబు: కందుకూరు నుంచి, ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారి మాట పట్టుకుని తెల్లకాగితం మీద ఎడమ చేత్తో సంతకం చేశాను. అక్షరాలు తాగి నడిచినట్టున్నాయి. కానీ చివర కిందికి ఈడ్చి వెనక్కి లాగే తోక గీత ఉంది చూశారూ, అది అచ్చంగా నాదే. ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఎడమ చేతికి నేనెన్నడూ నేర్పలేదు. చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను. పోయిన నెల ఒక బ్యాంకులో ఇదే సంతకం పోలలేదని బొటనవేలి ముద్ర వేయించుకున్నారు. ఎందరి వేళ్లకో సిరా పూసినవాణ్ణి, నా వేలికి పూస్తుంటే తల తిప్పుకున్నాను. ఆ కౌంటరులోని అబ్బాయికి తోక చూడటం రాదు.

మాట విషయంలో తీర్పు అయినట్టే. ఇకమీద మా ఇంట్లో "పడిపోయింది" అంటే ఊరుకోను.

ఇంకో చిక్కు వచ్చింది. నిన్న పొద్దున మనసులో హద్దులు రాసుకుంటూ ఉంటే, దక్షిణం దగ్గర కుడి చూపుడువేలు ఒక్కసారి ముడుచుకుంది. ఆవలింత రాలేదు, ఒట్టు. మా ఆవిడ "చెయ్యి వచ్చేసింది" అని వీధిలో చెప్పింది. ఒక్క వేలికి స్వాధీనం అయిందని నేనైతే కాగితం రాయను. ప్రస్తుతానికి బయానా ముట్టిందని రాసుకున్నాను. ఇంతకంటే సరైన మాట ఎవరికైనా తడితే చెప్పండి.